ఇల్లు చిన్న వస్తువా?

కథలో పాలు పొంగినా, కూర మాడినా, పెరట్లో జామచెట్టు కొట్టేసినా మన విమర్శకుల్లో చాలామంది వెంటనే ఒక ముద్ర వేసేస్తారు: మధ్యతరగతి గృహజీవితం, వస్తువు పరిమితం. ఈ ముద్ర వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. కొన్నేళ్ళ క్రితం ఒక కథా సమావేశంలో ఒక కొత్త రచయిత్రి చదివిన కథ మీద మాట్లాడుతూ, నీళ్ళ బిందెల చుట్టూ తిరిగే ఈ కథకు సామాజిక దృక్పథం లేదని తీర్పు చెప్పాను. ఆమె ఆ తర్వాత సమావేశాలకు రావడం మానేశారు. ఆ తీర్పు తప్పు. తప్పని ఒప్పుకుంటే చాలదు, ఎక్కడ తప్పానో కూడా చెప్పాలి.

అబ్బూరి ఛాయాదేవి ‘బోన్సాయ్ బ్రతుకు’ సాహిత్య విద్యార్థులకు కొత్తది కాదు. చిన్నప్పుడే చదువు ఆగిపోయిన అక్క పల్లెటూరి నుంచి, చదువుకుని ఉద్యోగం చేస్తున్న చెల్లెలి ఇంటికి వస్తుంది. కుండీలో మరుగుజ్జుగా పెంచిన తురాయి చెట్టును చెల్లెలు మురిపెంగా చూపిస్తుంది. గాలివాన వచ్చినప్పుడు ఇంటి బయటి తురాయి చెట్టు కింద దారిన పోయేవాళ్ళు తలదాచుకుంటారు. కుండీలో చెట్టు మాత్రం ఎవరికీ నీడ ఇవ్వలేదు, పైగా దాన్నే ఎవరో కాపాడాలి. ఆడవాళ్ళ బతుకూ ఇంతే కదా అని అక్కకు తోస్తుంది. తరగతి గదిలో పాఠం ఇక్కడితో అయిపోతుంది. బోన్సాయ్ స్త్రీకి ప్రతీక అని రాస్తే మార్కులు పడతాయి.

నా ప్రశ్న వేరు. ఆ చెట్టును పెరగనీయకుండా పెంచిందెవరు? తండ్రి కాదు, అత్తగారు కాదు. చదువూ జీతమూ ఉన్న చెల్లెలే. అది ఆమెకు తీరిక వేళల ముచ్చట. చదువూ ఉద్యోగమూ వస్తే చాలు, స్త్రీ సమస్య తీరినట్టేనని నమ్మేవాళ్ళకు ఛాయాదేవి చాలా మెత్తగా పెట్టిన చురక ఇది. కత్తెర చేతులు మారుతుంది గాని కత్తిరింపు ఆగదు. ఈ సంగతి చెప్పడానికి ఆమెకు ఉపన్యాసం అక్కర్లేకపోయింది, ఒక పూలకుండీ సరిపోయింది. వస్తువు చిన్నదైతే కథ చిన్నదవుతుందనే మన సూత్రం ఇక్కడే బెడిసికొడుతున్నది. (2005లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు పొందిన ఈ రచయిత్రి చివరి రోజుల్లో కొండాపూర్‌లోని సి.ఆర్. ఫౌండేషన్ వృద్ధాశ్రమంలో ఉండేవారు. 2019లో కన్నుమూశారు. మా వెలిమెల నుంచి అదేమంత దూరం కాదు. అయినా ఒక్కసారీ వెళ్ళి కలవలేదు.)

పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ సంగతీ అంతే. ఇల్లు అలుకుతూ అలుకుతూ ఇల్లాలు తన పేరే మరచిపోతుంది. చిన్ననాటి స్నేహితురాలు ‘శారదా’ అని పిలిచేదాకా ఆ పేరు దొరకదు. శ్రమలో మనిషి తనకు తానే పరాయి కావడం గురించి మార్క్సును తలచుకుని మనమెన్ని ఉపన్యాసాలిచ్చాం! ఆ పరాయితనాన్ని కార్ఖానాలో వెతికాం గాని అలుకుగుడ్డ దగ్గర వెతకలేదు. 2019లో ప్రభుత్వమే జరిపిన కాల వినియోగ సర్వేలో, కూలి లేని ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీకి రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషుడికి 97 నిమిషాలు దానికే పోతున్నాయని తేలింది. కార్మికుణ్ణి రేపటి షిఫ్టుకు సిద్ధం చేసేది ఈ అయిదు గంటల శ్రమే. దీన్ని వదిలేసి వర్గ దృక్పథమంటే ఎట్లా?

అయితే ఈ కథలతో నాకొక పేచీ కూడా ఉంది. గాలివానకు తురాయి చెట్టు కింద నిలబడ్డ ఆ దారిన పోయేవాళ్ళెవరు? వాళ్ళూ ఏదో ఒక ఇంటికే పోతుండాలి. ఆ ఇళ్ళలోకి మన గృహజీవిత సాహిత్యం పోయింది చాలా తక్కువ.

మా ప్రాంతాన్నే తీసుకుందాం. 1970లలో పటాన్‌చెరులో పారిశ్రామికవాడ మొదలైంది. ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులో కలిసింది. ఆ వ్యాజ్యం 1990లో సుప్రీంకోర్టు దాకా పోయింది. మనం దీన్ని కాలుష్య సమస్య అంటాం, పర్యావరణ సాహిత్యమనే అరలో పెడతాం. కాని బోరు నీళ్ళు చెడ్డ సంగతి ముందుగా తెలిసేదెవరికి? ఎంతసేపు పెట్టినా పప్పు ఉడకడం లేదని పొయ్యి ముందున్న మనిషికి. పెరట్లో బీరపాదు మాడిపోతున్నదని దానికి నీళ్ళు పోసే మనిషికి. మంచినీళ్ళు ఎక్కడో దూరాన దొరికితే మోసుకొచ్చే పని ఎవరి నెత్తిన పడింది? ఆనాడు నేను తీసిపారేసిన బిందెల కథ సరిగ్గా దీని గురించే. కార్ఖానా లాభం ఒక ఆడమనిషి నడుము మీదికి ఎట్లా వచ్చి కూర్చుంటుందో ఆమె రాసింది. నాకు బిందెలు మాత్రమే కనబడ్డాయి.

మా ఊరి పక్కనే కొల్లూరులో 2023 జూన్‌లో 15,660 రెండు పడకగదుల ఇళ్ళను ఒక్కచోట ప్రారంభించారు. ఒక్క కాలనీలో అన్ని వేల వంటిళ్ళు! సొంత ఇల్లు దొరకడం చిన్న విషయమని నేననను. బస్తీలో గుడిసె ముందర కరివేపాకు చెట్టు పెంచుకున్న ముసలమ్మ పై అంతస్తులో దాన్ని ఎక్కడ నాటుకోవాలన్నదీ చిన్న విషయమనను. ఈ ఇళ్ళలోంచి కథ రావలసి ఉంది.

ఈ మధ్య మా తొమ్మిదో తరగతి పిల్లల్ని ‘మా ఇల్లు’ అని కాంపోజిషన్ రాయమన్నాను. ఎక్కువమంది గైడులో ఉన్నట్టే రాశారు. కిరాయి రూములో ఉండే ఒక పిల్ల మాత్రం రంగు డబ్బాలో వేసిన బీరతీగ గురించి రాసింది. అమ్మ కంపెనీలో రెండో షిఫ్టు, నాన్నది రాత్రి షిఫ్టు. బియ్యం కడిగిన నీళ్ళు తీగకు పోయడం ఈ పిల్ల వంతు. గోడ చెమ్మగిల్లుతున్నదని ఇంటి ఓనరు దాన్ని తీసెయ్యమంటున్నాడు. చివరి వాక్యం నన్నే అడిగినట్టుంది: ‘మేం ఇల్లు మారితే తీగను ఎట్ల తీస్కపోవాలె సార్?’

కుండీలో పెట్టి పెరగనీయని చెట్టు గురించి మనకు కథ ఉంది. పెరుగుతానంటుంటే పీకెయ్యమనే తీగ గురించి ఈ పిల్ల రాసింది. నేను దానికి పదికి ఆరు మార్కులు వేశాను. మిగతా నాలుగూ ఒత్తులకూ దీర్ఘాలకూ పోయాయి.