రేకు వెనక చేతులు

1952లో జెనీవా మోటార్ షోలో ఫియట్ కంపెనీ 8వి అనే చిన్న స్పోర్ట్స్ కారును జనం ముందు పెట్టింది. 1,996 సీసీల ఇంజను, నాలుగు చక్రాలకూ విడివిడిగా సస్పెన్షన్. రెండు మూడేళ్లలో తయారైనవి మొత్తం 114. ఇంత కొద్దిలోనూ అన్నిటికీ ఒకే రూపం లేదు. కొన్నింటికి ఫియట్ వాళ్లే బాడీ కట్టారు. కొన్ని మిలాన్‌లో జగాటో చేతికి వెళ్లాయి, మరికొన్ని ట్యూరిన్‌లో గియా, విన్యాలే కార్ఖానాలకు చేరాయి. జగాటో కట్టినది పందేనికి అక్కర్లేని బరువంతా వదిలించుకుని గుండ్రంగా, బిగువుగా కనిపిస్తుంది. గియా కట్టిన సూపర్‌సోనిక్ పొడుగ్గా సాగి, వెనక దీపాల దగ్గర జెట్ విమానాన్ని గుర్తుచేస్తుంది. కింద యంత్రం మాత్రం ఒకటే.

అందుకే ఇలాంటి బండి ఏ పాత గోదాములోనో బయటపడితే ‘ఇది ఏ కారు?’ అని అడిగి ఊరుకుంటే సగమే అడిగినట్టు. ‘దీని బాడీ ఎవరు కట్టారు?’ అని కూడా అడగాలి. దానికి జవాబు ముందు భాగాన మెరిసే బ్యాడ్జీలో వెతకకూడదు, రేకు లోపలి వైపున వెతకాలి. నగను వెనక్కి తిప్పి చూసి ఎవరి చేతిపనో చెప్పే కంసాలి చూపు ఇక్కడ కావాలి.

కారు ఫ్యాక్టరీలోనే పూర్తిగా తయారై బయటికి రావడం మనకు అలవాటు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందూ, ఆ తర్వాత కొన్నేళ్లూ యూరప్‌లో డబ్బున్నవాళ్ల పద్ధతి వేరు. ఇంజను, గేర్లు, చక్రాలు బిగించిన ఛాసీని ఆల్ఫా రోమియో దగ్గరో లాంచియా దగ్గరో కొని, దాన్ని కారొజ్జేరియాకు, అంటే బాడీ కట్టే కార్ఖానాకు పంపేవాళ్లు. మిలాన్‌లోని కస్తాన్యా గుర్రపు బగ్గీల కాలం నుంచే ఈ పనిలో ఉంది. ఊగో జగాటో మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల తయారీలో పనిచేసి, బరువు తగ్గించే విద్య అక్కడ నేర్చుకుని, 1919లో సొంత కార్ఖానా పెట్టాడు. టూరింగ్ 1926లో మిలాన్‌లో, పినిన్ ఫరీనా 1930లో ట్యూరిన్‌లో మొదలయ్యాయి.

పని ఎలా జరిగేదో తెలిస్తేనే గుర్తుపట్టడం సాధ్యం. ముందు కారు బొమ్మను అసలు సైజులో గీసేవాళ్లు. దాన్నిబట్టి చెక్కతో ఒక చట్రం చేసేవాళ్లు. రేకును ఆ చట్రం మీద పెట్టి కొట్టరు. వేరేచోట కొట్టి, తెచ్చి చట్రానికి ఆనించి, ఎక్కడ ఆనలేదో చూసుకుని మళ్లీ తీసుకెళ్లి కొడతారు. సరిగ్గా కూర్చునేదాకా ఇదే పని. పనిముట్లు గుంట తీసిన చెట్టు మొద్దు, ఇసుక నింపిన తోలు సంచి, కొయ్య సుత్తి. అల్యూమినియం దెబ్బలు తిన్నకొద్దీ బిరుసెక్కుతుంది, ఇంకా కొడితే చిట్లుతుంది. మెత్తబడాలంటే వేడి చెయ్యాలి. కానీ ఇనుములాగా అది ఎర్రబడి హెచ్చరించదు, ఉన్నట్టుండి కరిగిపోతుంది. అందుకని ఎసిటిలీన్ మంటతో రేకుకు మసి పట్టించి, ఆ మసి కాలిపోయేదాకా కాక పెడతారు. మసి పోయిందంటే వేడి చాలినట్టు. థర్మామీటరు అక్కర్లేని ఈ లెక్క నాకు ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటేస్తుంది. తర్వాత ముక్కల్ని గ్యాస్ వెల్డింగుతో అతికి, అతుకును సుత్తితో అణిచి, ఆకురాయితో రాసి నునుపు చేస్తారు.

మోదెనాలో ఫెరారీకి బాడీలు కట్టిన సెర్జియో స్కాలియెట్టి చాలాసార్లు డ్రాయింగులే లేకుండా కంటి అంచనాతో పని చేయించాడు. 1962 నుంచి 1964 దాకా వచ్చిన ఫెరారీ 250 జీటీవో కార్లు 36. పక్కపక్కన పెట్టి చూస్తే గాలి రంధ్రాల దగ్గరో, వెనక అంచు దగ్గరో తేడాలు కనిపిస్తాయి. ఒకే కారులోనే ఎడమ ఫెండరు, కుడి ఫెండరు కొలతలు కలవకపోవచ్చు. రెండు చేతులు రెండు వైపులా కొట్టాయి కాబట్టి కలవవు. కొత్తగా మెషీను మీద చేసిన నకలులో రెండు వైపులూ అచ్చుగుద్దినట్టు ఉంటే అనుమానించాలి. ఈ రంగంలో మరీ కచ్చితంగా ఉండటమే ప్రశ్నలు పుట్టిస్తుంది.

పరీక్ష మొదలుపెట్టేది డోరు లోపలి అట్ట విప్పడంతో, డిక్కీ లైనింగు ఎత్తి చూడటంతో. చాలా కార్ఖానాలు ఛాసీ నంబరుతో సంబంధం లేకుండా ఒక్కో బాడీకి తమ సొంత నంబరు వేసుకునేవి. రంగు వేయడానికి తలుపులు, బానెట్టు, డిక్కీ మూత విప్పినప్పుడు పక్క కారు భాగాలతో కలిసిపోకూడదు. చేత్తో కొట్టిన తలుపు పక్క కారుకు పట్టదు మరి. అందుకని ఆ నంబరును ప్రతి భాగం మీదా పంచ్‌తో కొట్టేవాళ్లు, అట్టల వెనక పెన్సిలుతోనో సుద్దతోనో రాసేవాళ్లు. తలుపు మడతలోనూ, బానెట్టు అంచులోనూ, సీటు చట్రం కిందా ఒకే నంబరు కనిపిస్తే ఆ భాగాలన్నీ ఒకేసారి పుట్టినట్టు నమ్మవచ్చు. ఒక్కచోట మారితే ఆ భాగం తర్వాత వచ్చి చేరిందన్నమాట. ఒక అయస్కాంతం కూడా దగ్గరుంచుకోవాలి. ఎక్కడ ఉక్కు, ఎక్కడ అల్యూమినియం, ఉక్కు మీద ఎక్కడ లప్పం మందంగా పూశారో అది చెప్పేస్తుంది.

టూరింగ్ బాడీని గుర్తుపట్టడం అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే ప్రమాదం కూడా. 1930ల చివర వాళ్లు సూపర్‌లెజ్జేరా పద్ధతి తెచ్చారు. సన్నటి ఉక్కు గొట్టాలతో కారు ఆకారంలో పంజరం కట్టి, దాని మీద పలుచని అల్యూమినియం రేకు చుట్టి అంచులు మడవడం ఈ పద్ధతి. ఆ పేరు బానెట్టు పక్కన అక్షరాల్లో ఉంటుంది. అది చూసి నమ్మేవాళ్లు చాలామంది. ఆ అక్షరాలు ఈరోజు కూడా కొత్తగా చేయించుకోవచ్చు, గొట్టాల పంజరాన్ని మాత్రం స్క్రూలతో బిగించలేరు. ఉక్కూ అల్యూమినియమూ నేరుగా తాకితే తడికి అల్యూమినియం తినేసుకుపోతుంది. అందుకని వాళ్లు మధ్యలో గుడ్డ పెట్టేవాళ్లు. ఏళ్లు గడిచాక ఆ గుడ్డే తేమను పట్టి ఉంచుతుంది, మడతల్లో తెల్లటి పొడి రాలుతుంది. కొనేవాడికి అది గుండె దడ. నిజం వెతికేవాడికి మాత్రం అంతకు మించిన సాక్ష్యం లేదు.

జగాటోకు గుర్తు పైకప్పు మీద పక్కపక్కన ఉబికిన రెండు బుడగలు. ఫియట్ అబార్త్ 750తో అది పేరుకెక్కింది. కప్పు కిందికి దించినా కూర్చున్నవాళ్ల తలలు తగలకుండా చేసిన ఏర్పాటు అది. విన్యాలే బాడీల వెనక తరచుగా జొవాన్నీ మికెలొట్టి గీత ఉంటుంది. మద్రాసులో తయారై మన రోడ్ల మీద తిరిగిన స్టాండర్డ్ హెరాల్డ్ ఎరిగినవాళ్లకు ఆయన తెలియకుండానే తెలుసు, ఆ కారు రూపం ఆయనదే. పినిన్ ఫరీనా విషయంలో బ్యాడ్జీయే ఒక తేదీ చెబుతుంది. 1961 దాకా అది రెండు మాటలు, ఆ తర్వాత ఒకే మాట. 1955 నాటిదని చెప్పే కారు మీద ఒకే మాటగా కనిపిస్తే ఆ బ్యాడ్జీ ఎప్పుడు వచ్చిందో అడగాలి. ఇంకొకటి, స్టీరింగు కుడివైపు ఉందని ఇంగ్లండు కోసం చేసిన కారని తేల్చేయకూడదు. ఇటలీలో బళ్లు కుడిపక్కన నడిచినా యుద్ధానికి ముందు ఆల్ఫా, లాంచియా మేలురకం కార్లకు కుడి స్టీరింగే ఉండేది. లాంచియా యుద్ధం తర్వాతా కొన్నాళ్లు ఆ అలవాటు వదల్లేదు.

రూపం ఒక్కటే పట్టుకుని వెళితే దారి తప్పుతాం. డిజైనరు సవొనుజ్జి గీసిన ఆ సూపర్‌సోనిక్ బాడీనే గియా వాళ్లు జాగ్వార్ ఎక్స్‌కే 120 ఛాసీల మీదా కట్టారు. బయటి నుంచి ఫియట్టా, జాగ్వారా అన్నది అలవాటు లేని కంటికి అందదు. పందేల్లో దెబ్బతిన్న కార్లకు అప్పట్లోనే కొత్త బాడీలు కట్టేవాళ్లు. 1956 మిల్లె మిల్యా పందెంలో పాడైన ఒక ఆల్ఫా జూలియెట్టాకు జగాటో తేలిక బాడీ కట్టాడు, దాని గెలుపు చూసి తర్వాత ఆ రకం వరుసే పుట్టింది. అలాంటి రెండో బాడీని నకిలీ అనడం అన్యాయం, అది ఆ కారు చరిత్రలో భాగం. నకిలీ వేరు. ఫెరారీ 250 జీటీఈ అనే నలుగురు కూర్చునే కారు ఒకప్పుడు చవగ్గా దొరికేది. దాని పినిన్ ఫరీనా బాడీని కోసి పారేసి, ఆ ఛాసీ మీద జీటీవో నకలు కట్టుకున్నవాళ్లు ఎందరో. ఒక మంచి పనితనాన్ని చంపి దాని మీద వేరొకరి పేరు నిలబెట్టడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

అందుకే లోహం చెప్పింది కాగితంతో కలవాలి. ఇటలీలో 1927 నుంచి వాహనాల ప్రభుత్వ రిజిస్టరు ఉంది. ఏ కారు ఎప్పుడు ఎవరి చేతులు మారిందో అందులో వరుసగా దొరుకుతుంది. నంబరు ప్లేటు మీద మిలాన్‌కు ఎంఐ, ట్యూరిన్‌కు టీవో, మోదెనాకు ఎంవో అక్షరాలుండేవి. యజమాని వేరే జిల్లాకు మారేదాకా కారుకు అదే ప్లేటు. కాబట్టి పాత పందెపు ఫొటోలో ప్లేటు కనిపిస్తే సగం పని అయినట్టే. ఆ తర్వాత భూతద్దంతో పని. ఫొటోలో బానెట్టు మీద గాలి చీలికలు ఎన్ని, పెట్రోలు మూత ఎక్కడ, రివెట్ల వరుస ఎటు వంగింది అని ఎదురుగా ఉన్న కారుతో పోల్చాలి. ఆనాటి ఫెరారీల్లో సాధారణంగా రోడ్డు కార్లకు బేసి, పందెపు కార్లకు సరి ఛాసీ నంబర్లు ఇచ్చారన్నది కూడా ఇక్కడ అక్కరకొస్తుంది.

ఇంత శ్రమ ఎందుకంటే, ఈ పనిని కళగా లోకం ఒప్పుకుంది. పినిన్ ఫరీనా బాడీ కట్టిన చిసితాలియా 202 కారును న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం 1951లో ప్రదర్శించింది, 1972లో తన సొంత సేకరణలో చేర్చుకుంది. ఛాసీ, బాడీ కలిసిపోయిన కార్లు వచ్చాక విడిగా బాడీ కట్టే పని తగ్గిపోయింది. టూరింగ్ 1966లో మూతపడింది. గీసినవాళ్ల పేర్లు పుస్తకాలకెక్కాయి. కొట్టినవాళ్లలో ఎక్కువమంది పేర్లు ఎక్కడా లేవు. రేకు లోపలి సుత్తి దెబ్బలు, పెన్సిలు అంకెలు మాత్రమే వాళ్లు ఉన్నారనడానికి మిగిలిన రుజువు. మెరుపు కోసం లోపలి వైపు కూడా రాసి, నునుపు చేసి, రంగు కొట్టే రిస్టొరేషన్ ఆ రుజువునే చెరిపేస్తుంది.

పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా ఆమోదించిన ట్యూరిన్ చార్టరు ఈ విషయంలో స్పష్టంగా ఉంది. మార్చక తప్పని భాగాన్ని మార్చినప్పుడు, అది కొత్తదని తర్వాతివాళ్లకు తెలిసేలా చెరగని గుర్తు వేయమంటుంది. అది పాటించే రిస్టోరరు బాడీ విప్పకముందే ప్రతి మడతనూ ఫొటో తీస్తాడు. కోసి తీసిన పాత రేకు ముక్కను తుక్కులో వేయకుండా చీటీ కట్టి కారుతోపాటే ఇస్తాడు. కొత్త రేకు లోపలి అంచున తను పని చేసిన సంవత్సరం పంచ్‌తో కొడతాడు.