సుమతీ శతకంలో మనం వదిలేసిన సగం

సుమతీ శతకంలో వినడాన్ని గురించిన పద్యం రాని తెలుగింటి పిల్ల అరుదు. కాకపోతే మనం దాన్ని వాడుకునే తీరే తమాషాగా ఉంటుంది. పిల్లవాడు ఎదురు చెబితే చాలు, మొదటి పాదం అందుకుంటాం. ‘పెద్దవాళ్ళు చెప్పింది వినరా’ అన్నదే దాని సారమని తేల్చేస్తాం. నిజానికి పద్యంలో పెద్దవాళ్ళ ఊసే లేదు! చెప్పేది ఎవరైనా సరే వినమన్నాడు కవి. అంటే చంటిపిల్ల చెప్పినా, నిన్నగాక మొన్న కాపరానికొచ్చిన కోడలు చెప్పినా అన్నమాట. విన్నాక తొందరపడొద్దన్నాడు, విచారించుకోమన్నాడు. కల్లేదో నిజమేదో తేల్చుకున్న మనిషిదే నీతి అన్నాడు. ఈ రెండో సగాన్ని మాత్రం హాయిగా మింగేస్తాం.

నన్నెప్పుడూ పట్టి ఆపేది ఆ ‘నీతి’ అన్న మాటే. అబద్ధం ఆడకపోవడం నీతి, సరే. అబద్ధాన్ని నమ్మకపోవడం కూడా నీతేనా? అది తెలివికి సంబంధించిన సంగతి కాదూ! ‘నా నమ్మకం నా ఇష్టం, నమ్మితే పోయేదేముంది?’ అంటారు మా బాచుపల్లి అపార్ట్‌మెంట్లో ఓ ఇల్లాలు, వాట్సాప్‌లో వచ్చిన ప్రతిదాన్నీ మా అందరికీ పంచుతూ. నిమ్మకాయ నీళ్ళకు లొంగని జబ్బు లేదని ఆవిడ నమ్మితే మనకేం నష్టం, నిమ్మకాయల ధర పెరగడం తప్ప!

కానీ నమ్మకం తలలో బుద్ధిగా కూర్చునే సరుకు కాదే. 2018 వేసవిలో, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో పుకార్లు పాకిపోయాయి. మే నెలలో మన హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను ఆ అనుమానంతోనే జనం కొట్టి చంపారు. జులైలో ఈ ఊరి సాఫ్ట్‌వేర్ ఇంజనీరొకాయన స్నేహితులతో కలిసి కర్ణాటకలోని బీదరు జిల్లాకు వెళ్ళి, దారిలో పిల్లలకు చాక్‌లెట్లు పంచారు. అంతే! పిల్లల దొంగలని వెంటపడ్డారు, ఆయన ప్రాణం తీశారు. పొద్దున్నే మన వీధుల్లోంచి లాప్‌టాప్ సంచీ తగిలించుకుని వెళ్ళే వాళ్ళలాంటి మనిషే. ఆ గుంపులో చాలామంది తమ బిడ్డల్ని కాపాడుకుంటున్నామనే అనుకుని ఉంటారు. వాళ్ళ తొందర చేతుల్లో మొదలవలేదు, చెవిలో మొదలైంది. కర్ర పట్టనివాళ్ళు, ‘ఎందుకైనా మంచిది’ అని ఆ కబురు మరో నలుగురికి పంపి అన్నం వండుకోవడానికి వెళ్ళిపోయినవాళ్ళు ఎందరో! కవి దీన్ని తెలివి ఖాతాలో కాక నీతి ఖాతాలో ఎందుకు వేశాడో నాకు ఇక్కడే అర్థమవుతుంది.

ఆ జులైలోనే వాట్సాప్ వాళ్ళు మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్లకు మించి పంపకుండా కట్టడి ప్రకటించారు. పదమూడో శతాబ్దపు బద్దెనదని చెప్పుకునే పద్యం పనిని ఇలా యంత్రానికి అప్పజెప్పుకున్నాం.

అయితే నమ్మినవాళ్ళందర్నీ ఒకే గాటన కట్టడానికి నాకు మనసొప్పదు. ‘కన్యాశుల్కం’లో వెంకమ్మను చూడండి. పరీక్ష తప్పిన కొడుకు గిరీశాన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఇద్దరూ ఇంగ్లీషు మాట్లాడితే వినాలని ఆవిడ ముచ్చట. వాళ్ళు నోటికొచ్చిన పిల్లల పాటేదో వల్లిస్తే మురిసిపోయింది. ఇంట్లో తిష్ఠ వేసిన ఆ గిరీశం చివరికి ఆవిడ కూతురు బుచ్చమ్మనే లేవదీసుకుపోయాడు. మనం నవ్వుకుంటాం గానీ, విచారించుకోవడానికి ఆవిడ చేతిలో ఏముంది? ఆడపిల్లకు అక్షరం ముక్క నేర్పని రోజులవి. గురజాడ ఆవిడని కాదు, ఆవిణ్ణి అలా ఉంచిన ఇంటినే గేలి చేశాడని నా అభిప్రాయం. సుమతీ శతకంలో నాకు కనిపించే కొరతా ఇదే. విచారించుకోమన్నాడే గానీ, అందుకు దారి లేనివాళ్ళు ఎవర్ని అడగాలో చెప్పలేదు. ఒక్క కంద పద్యంలో అంతా ఇమడదనుకోండి!

వెంకమ్మకు లేని చదువు మనకుంది. ఎవరు చూశారు, ఏ ఊళ్ళో, ఎప్పుడు అని అడగడానికి ఇంగ్లీషు కూడా అక్కర్లేదు. పావుకిలో వంకాయలు కొనేటప్పుడు బండివాణ్ణి అంతకన్నా ఎక్కువే అడుగుతాం.