సవాయి రోగానికి రక్తపరీక్ష: ఫ్లెక్ గ్రంథంపై విమర్శ

“రక్తం చెడిపోయింది” అనే మాట తెలుగువారి ఇండ్లలో తరచుగా వినబడేదే. గజ్జి లేచినా, సెగగడ్డలు పుట్టినా నింద రక్తం మీదనే పడుతుంది. ఇటువంటి ఊహే సవాయి రోగం, అనగా సిఫిలిస్ విషయంలో ఐరోపా ప్రజలలో శతాబ్దాల తరబడి పాతుకొని ఉండి, తుదకు ఒక ప్రయోగశాల పరీక్షకు దారితీసినదని వాదించే గ్రంథం ఒకటి ఉన్నది. పోలెండు దేశపు సూక్ష్మజీవశాస్త్రజ్ఞుడు లుడ్విక్ ఫ్లెక్ (1896-1961) దీనిని జర్మను భాషలో రచించగా 1935లో బాసెల్ నగరంలో అచ్చయినది. చాలకాలం దీనిని పట్టించుకొన్నవారు అరుదు. 1962లో థామస్ కూన్ తన గ్రంథపు పీఠికలో దీనిని పేర్కొన్నాడు. 1979లో ఆంగ్లానువాదం వెలువడినది. ఒక వైజ్ఞానిక సత్యం ఎట్లా పుట్టి పెరుగుతుందో చూపడం గ్రంథకర్త ఉద్దేశం.

ఆయన ఎన్నుకొన్న ఉదాహరణ వాసర్‌మన్ పరీక్ష. 1905లో షౌడిన్, హాఫ్‌మన్ అనువారు మరచుట్ట ఆకారం గల సవాయి క్రిమిని కనుగొన్నారు. మరుసటి ఏడే వాసర్‌మన్, నైసర్, బ్రుక్ రక్తపరీక్షను ప్రకటించారు. క్రిమిని ప్రయోగశాలలో పెంచడం వారికి చేతకాలేదు (ఎక్కువ కాలం పెంచడం 2018 వరకు ఎవరికీ సాధ్యపడలేదు). అందుచేత సవాయి సోకి చనిపోయిన గర్భస్థశిశువుల కాలేయసారాన్ని వాడారు. అందులో క్రిమి ఉన్నది, రోగి రక్తరసిలోని ప్రతిరక్షకాలు దానిని పట్టుకొంటాయి. ఇదీ వారి తర్కం. ఏడాది తిరిగేసరికి ఆ తర్కం కూలినది. రోగం లేని అవయవాల సారం కూడా అంత చక్కగానూ పనిచేసినది! తుదకు ఎద్దు గుండె సారం స్థిరపడినది. మొదట నూటికి 15-20 మంది రోగులను మాత్రమే పట్టిన పరీక్ష, ఎందరో పనివారు పాళ్లు మార్చి మార్చి చూడగా, 70-90 మందిని పట్టగలిగినదని ఫ్లెక్ లెక్క. మూలసిద్ధాంతం తప్పు, ఫలితం ఒప్పు. ఈ అధ్యాయమే గ్రంథానికి ప్రాణం. ప్రయోగశాలలో చేయి తిరిగినవాడు తప్ప అన్యులు రాయలేనిది. గొట్టంలో ఎర్రకణాలు కరిగినవా లేదా అని తేల్చడానికి కూడా అలవడిన చూపు కావాలంటాడు. ఉప్పుల విశ్లేషణ చేసిన ఏ కళాశాల విద్యార్థి అయినా దీనిని ఒప్పుకొంటాడు.

అయితే పరిశోధకుల సమష్టి ఆలోచన మీద ఉన్న మక్కువలో ఫ్లెక్ ఎద్దు గుండెకు ఇవ్వవలసినంత ఇవ్వలేదు. ఆ గుండె నుండి 1941లో మేరీ పాంగ్‌బోర్న్ కార్డియోలిపిన్ అనే కొవ్వు పదార్థాన్ని వేరుచేసినది. అది కణాలలోని మైటోకాండ్రియా పొరలలో ఉంటుంది. ఎడతెగక కొట్టుకొనే గుండెలో మైటోకాండ్రియా మెండు. సవాయిలో దెబ్బతిన్న కణాల నుండి, క్రిమి నుండి కూడా వెలువడే ఇటువంటి కొవ్వులపై శరీరం ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. పరీక్ష పసిగట్టినది వీటినే. ఇది 1935లో తెలిసే వీలు లేదు, నిజమే. కాని పదిమంది కలిసి సవరించినందువల్లనే పరీక్ష నిలిచినదన్న వాదం ఇప్పుడు సగం మాత్రమే నిలుస్తుంది.

ఇంతకంటె పెద్ద లోపం మరొకటి. ఈ గ్రంథంలో రోగి కనబడడు. మలేరియా, కుష్ఠు, లూపస్ వంటి రోగాలలోనూ, ఒక్కొక్కప్పుడు గర్భిణులలోనూ సవాయి లేకయే ఈ పరీక్ష “ఉన్నది” అని చెబుతుంది. ఫ్లెక్‌కు ఇది పద్ధతిలోని చిక్కు. ఏ పాపమూ ఎరుగని ఇల్లాలికి అది కాపురం కూల్చే మాట. విచిత్రమేమంటే, పొరపాటని తోసివేసిన అటువంటి ఫలితాలలో కొన్ని వేరొక రోగానికి గుర్తులని 1980 దశకంలో తేలినది: రక్తనాళాలలో గడ్డలు కట్టడం, మాటిమాటికీ గర్భస్రావాలు కావడం దాని లక్షణాలు. ఈ కథ ఫ్లెక్ విని ఉంటే సంతోషించేవాడే.

వాసర్‌మన్ పరీక్ష నేడు వాడుకలో లేదు. దాని వారసులైన వి.డి.ఆర్.ఎల్. (1946), ఆర్.పి.ఆర్. పరీక్షలు మాత్రం కార్డియోలిపిన్‌నే వాడుతున్నాయి. టి.పి.హెచ్.ఎ. వంటివి క్రిమికే చెందిన ప్రతిరక్షకాలను చూస్తాయి. కాని రోగం నయమైనా అవి సాధారణంగా జీవితాంతం రక్తంలో ఉండిపోతాయి. కనుక చికిత్స ఫలించినదా అని తెలుసుకొనడానికి పాతరకం పరీక్షలో ప్రతిరక్షకాల మోతాదు నాలుగో వంతుకు దిగినదా అని చూడవలసిందే. సెగరోగం, క్లామిడియాలకు మూత్రంలోని క్రిమి న్యూక్లియిక్ ఆమ్లాన్ని కోట్ల రెట్లు పెంచి చూచే పరీక్షలు వచ్చాయి. ఫ్లెక్ చెప్పిన చేతినేర్పు వీటిలో చాలవరకు యంత్రానికి పోయినది. ఫలితం చదివే నేర్పు మాత్రం మనిషి వద్దనే ఉన్నది: చికిత్స ముగిసిన తరువాత కూడా చచ్చిన క్రిముల శేషం కొన్ని వారాలపాటు దొరుకుతుంది; ఆ రోజులలో “ఉన్నది” అనే చీటీ వచ్చినంత మాత్రాన రోగం ఉన్నట్లు కాదు.