ఉద్యోగం నేర్పని చదువు

జూన్ వస్తే నాకు ఫోన్లు మొదలవుతాయి. సార్వత్రిక విశ్వవిద్యాలయాల్లో జూలై ప్రవేశాల సమయం అది. ఆదివారాల్లో స్టడీ సెంటర్‌లో అకౌంట్స్ చెబుతానని తెలిసినవాళ్లూ, వాళ్లకు తెలిసినవాళ్లూ సలహా కోసం చేస్తారు. ఒకప్పుడు "ఎంబీఏ చెయ్యమంటారా, వద్దంటారా?" అనే అడిగేవాళ్లు. ఈ మధ్య "ఎంబీఏనా, లీడర్‌షిప్ కోర్సా?" అని అడుగుతున్నారు.

అడిగేవాళ్లందరూ ముప్పై దాటినవాళ్లు, నలభైకి దగ్గరపడ్డవాళ్లు. నెలనెలా ఇంటి లోను కట్టాలి, పిల్లల చదువులు చూసుకోవాలి, ఊళ్లో ఉన్న పెద్దవాళ్లను ఆస్పత్రికి తిప్పాలి. వీళ్లకు రెండేళ్ల ఆదివారాలంటే మాటలు కాదు. "ఏదో ఒకటి చేసెయ్యండి, డిగ్రీ ఎక్కడికి పోతుంది" అనడం నాకు చేతకాదు. మీ ఉద్యోగం మీకు రోజూ ఉచితంగా ఏం నేర్పుతోందో ముందు చూసుకోండి, అది నేర్పని దానికే ఫీజు కట్టండి అంటాను. ఎవరు అడిగినా నా సలహా ఇదే, జవాబు మాత్రం మనిషిని బట్టి మారుతుంది.

మేనేజర్ వేరు, లీడర్ వేరు అన్న వాదం మరీ పాతదేం కాదు. హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో 1977లో అబ్రహాం జాలెజ్నిక్ రాసిన వ్యాసంతో అది ఊపందుకుంది. 1990లో అదే పత్రికలో జాన్ కాటర్ దాన్ని తేటగా విడమరిచాడు. పెద్ద సంస్థలో పనులు చిక్కుపడకుండా చూసుకోవడం మేనేజ్‌మెంట్: బడ్జెట్ వెయ్యడం, మనుషుల్ని పనుల్లో సర్దడం, లెక్క తప్పితే పట్టుకోవడం. మార్పు వచ్చినప్పుడు ఎటు వెళ్లాలో చెప్పి, నలుగురినీ ఆ వైపు నడిపించడం లీడర్‌షిప్. రెండూ కావాలనీ, ఒకటి లేకుండా రెండోది నిలబడదనీ కాటర్ అక్కడే రాశాడు. కోర్సులు అమ్మేవాళ్లు ఆ సగాన్ని వదిలేశారు. లీడర్ పై మెట్టు, మేనేజర్ కింది మెట్టు అన్నట్టు బ్రోచర్లు తయారయ్యాయి. చదువుకునేవాళ్లకు దీనివల్ల నిజంగా నష్టం జరిగిందని నా నమ్మకం. లెక్కలు నేర్చుకోవలసినవాళ్లు కూడా లెక్కలంటే చిన్నచూపుతో వస్తున్నారు.

కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ చదివిన ఇ. శ్రీధరన్ సంగతి చూడండి. 1964 డిసెంబరు తుఫానుకు పాంబన్ వంతెన గర్డర్లు సముద్రంలో కలిసిపోయాయి. వంతెనను నిలబెట్టడానికి రైల్వే మొదట 6 నెలలు గడువు పెట్టి, తర్వాత దాన్ని 3 నెలలకు కుదించింది. అప్పటికి 32 ఏళ్ల శ్రీధరన్, మునిగిన గర్డర్లనే వెతికించి, పైకి తీయించి, తిరిగి బిగించి 46 రోజుల్లో వంతెన అప్పగించాడు. తర్వాత ఢిల్లీ మెట్రో పనుల దగ్గర, గడువుకు ఇంకెన్ని రోజులున్నాయో చూపించే వెనక్కి నడిచే గడియారాలు పెట్టించాడు. ఆ గడియారం మేనేజ్‌మెంటా, లీడర్‌షిప్పా? ఆఫీసరుకు అది షెడ్యూలు. మెడలో టవల్ వేసుకుని కాంక్రీటు పోసే కూలీకి తన పనిని దేశమంతా చూస్తోందన్న కబురు. పనిలో ఈ రెండూ కలిసే ఉంటాయి. వాటిని విడదీసేది తరగతి గదే. కాబట్టి తరగతిలో అడుగుపెట్టేవాడు తన దగ్గర రెండింటిలో ఏ సగం ఉందో ముందే తెలుసుకోవాలి.

మా సెంటర్‌కు ఒక హెడ్ నర్సు వచ్చేది. పెద్దాసుపత్రిలో ఒక వార్డు మొత్తం ఆమె చేతిలో ఉండేది. నైట్ డ్యూటీ ముగించుకుని తిన్నగా క్లాసుకొచ్చి వెనక బెంచీలో కూర్చునేది. మొదట్లో ఆమె అడిగింది లీడర్‌షిప్ కోర్సు గురించే. వాళ్ల ఆస్పత్రిలో పై ఉద్యోగాలకు వెళ్లినవాళ్లు అలాంటి సర్టిఫికెట్లు గోడకు తగిలించుకున్నారట.

"మీ వార్డులో రాత్రి రెండింటికి రోగి బంధువులు గొడవకు దిగితే ఎవరు వెళ్తారు?" అని అడిగాను.

"నేనే వెళ్తా మేడమ్. ఇంకెవరెళ్తారు?"

"డ్యూటీ చార్టులో కొత్తమ్మాయిని ఎవరి పక్కన వెయ్యాలో ఎలా తేలుస్తారు?"

ఆవిడ ఆగకుండా చెప్పుకుపోయింది. ఎవరికి ఓర్పుంది, ఎవరు ఇంట్లో గొడవ పెట్టుకుని వచ్చారు, ఎవరు తప్పు చేస్తే చెప్తారు, ఎవరు దాస్తారు. నాకు అర్థమైంది, ఈ మనిషికి నాయకత్వం నేర్పే కోర్సు ఇంకా పుట్టలేదు. అప్పుడామె అసలు బాధ బయటపెట్టింది. "సిరంజీల దగ్గర్నుంచి ఆక్సిజన్ సిలిండర్ల దాకా ఇండెంట్లన్నీ నేనే పెడతాను మేడమ్. మీటింగులో సూపరింటెండెంట్ గారు అంకెలు అడిగితే మాత్రం నోరు పెగలదు."

ఎంబీఏలో చేరింది. స్టాకు నిర్వహణ పాఠం వచ్చిన ఆదివారం నాకు బాగా గుర్తు. ఏబీసీ పద్ధతి చెబుతున్నాం. ఏడాదిలో ఏ సరుకు మీద ఎంత ఖర్చయిందో చూసి, ఎక్కువ డబ్బు తినేవాటిని 'ఏ' వర్గంలో, తక్కువవాటిని 'సీ' వర్గంలో వేస్తారు. డబ్బు ఎక్కడ ఎక్కువుంటే కాపలా అక్కడ గట్టిగా పెట్టాలన్నది దాని సూత్రం. ఆవిడ చెయ్యెత్తింది. "అలాగైతే అడ్రినలిన్ సీ వర్గంలో పడుతుంది కదా మేడమ్? ఆంప్యూల్ చాలా చవక. కానీ కావలసిన నిమిషంలో లేకపోతే మనిషి పోతాడు." నిజమే. అందుకే ఆస్పత్రులకు వీఈడీ అని ఇంకో పద్ధతి ఉంది. వైటల్, ఎసెన్షియల్, డిజైరబుల్. ధరతో పని లేకుండా, మందు లేకపోతే ప్రాణానికి వచ్చే ముప్పును బట్టి వర్గం వేస్తారు. తర్వాత రెండు పట్టికల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తారు. ఖరీదైన యాంటీబయాటిక్స్ ఒక గడిలో, అడ్రినలిన్, అట్రోపిన్ ఇంకో గడిలో తేలతాయి. మొదటివాటికి లెక్క బిగించాలి. రెండోవాటిని ఎప్పుడూ చేతికందేంత నిల్వలో ఉంచాలి.

ఆవిడ తన వార్డు ఇండెంటు పుస్తకం ముందేసుకుని ఆ పట్టిక తనే గీసింది. దాన్నే ప్రాజెక్టుగా రాసింది. ఇన్నేళ్లూ చేత్తో చేస్తున్న పనికి అంకెల ఆధారం దొరికినప్పుడు ఆ ముఖంలో వచ్చిన తేజస్సును చూశాక, మేనేజ్‌మెంట్ డిగ్రీ అంటే ఉత్త కాగితమని ఎవరన్నా నేను ఒప్పుకోను.

మా మేనల్లుడిది దీనికి సరిగ్గా ఎదురు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టీమ్ లీడు. ప్లానింగ్‌లో దిట్ట. ఏ పని ఎవరి దగ్గర, ఏ మెట్టులో ఉందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అయినా వాడి టీమ్‌లోంచి మనుషులు వెళ్లిపోతున్నారు. "అత్తా, షెడ్యూల్లో తప్పేం లేదు. ఎందుకు మానేస్తున్నారో అర్థం కావట్లేదు" అన్నాడొకరోజు. స్నేహితులంతా చేస్తున్నారని వీకెండ్ ఎంబీఏకు ఫారం తెచ్చుకున్నాడు. వద్దన్నాను. ఎంబీఏ మొదటి ఏడాదిలో సగం వాడికి పనిలోనే వచ్చేసింది.

వాడి ఇబ్బంది ఎలాంటిదో చెప్పడానికి హార్వర్డ్ కెన్నెడీ స్కూల్‌లో పాఠాలు చెప్పిన రొనాల్డ్ హైఫెట్జ్ నాకు సాయపడ్డాడు. ఆయన వైద్యుడు, సైకియాట్రీ చదివినవాడు. సమస్యల్ని రెండు రకాలుగా చూడమంటాడు. సర్వర్ ఆగిపోయింది, తెలిసినవాడొచ్చి బాగుచేశాడు, అయిపోయింది. ఇది మొదటి రకం. రెండో రకంలో జవాబు నిపుణుడి దగ్గర దొరకదు. ఎదుటివాళ్లు తమ అలవాటునో, హోదానో, ఇన్నాళ్లూ గర్వంగా చెప్పుకున్న పనితనాన్నో కొంత వదులుకోవాలి. మా వాడి టీమ్‌లో చాలాకాలంగా చేత్తో టెస్టింగ్ చేస్తున్నాయన ఉన్నాడు. ఆ పని ఇప్పుడు ఆటోమేషన్‌కు పోతోంది. మా వాడు ఆయనకు శిక్షణ తేదీలతో ఒక ఈమెయిల్ పంపాడు. ఈమెయిల్‌లో తేదీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇన్నాళ్ల తన పనికి ఇక విలువ లేదేమోనన్న ఆయన భయం గురించి ఒక్క ముక్క లేదు. వాడికి కావలసిన చదువు ఇక్కడ ఉంది. కష్టమైన మాట ముఖాన ఎలా చెప్పాలి, చెప్పాక ఎదుటివాడి కోపాన్ని ఎలా తట్టుకోవాలి, తన కింద పనిచేసేవాళ్లు తన గురించి ఏమనుకుంటున్నారో ఎలా వినాలి. మంచి లీడర్‌షిప్ కోర్సులో ఇవన్నీ ఉంటాయి.

అయితే ఒక షరతుంది. హైఫెట్జ్ తరగతిలో విద్యార్థులు తమ పనిలో ఎదురుదెబ్బ తిన్న సందర్భాలే పాఠ్యపుస్తకం. ఎవరు మాట్లాడారు, ఎవరు ఊరుకున్నారు, ముందు నిలబడ్డవాడి మీద అందరికీ ఎందుకు చిరాకొచ్చింది అన్నది అప్పటికప్పుడే చర్చకొస్తుంది. అలాంటి తరగతికి ఎదురుగా మనుషులుండాలి. రికార్డు చేసిన వీడియోలు చూసి చివర్లో ఆబ్జెక్టివ్ పరీక్ష రాసే లీడర్‌షిప్ కోర్సుకు లక్షలు పొయ్యకండి. అకౌంట్స్ వీడియోలో నేర్చుకోవచ్చు, నేర్చుకున్నవాళ్లను చూశాను. ఇది మాత్రం అలా రాదు.

అమెరికా నుంచి అడిగే మనవాళ్లదీ ఎంబీఏనా, లీడర్‌షిప్పా అన్న చిక్కే. అక్కడ కంపెనీ తన ఉద్యోగి చదువుకు ఏడాదికి 5,250 డాలర్ల వరకు పన్ను లేకుండా ఇవ్వొచ్చు. ఆ వెసులుబాటుతో ఆర్గనైజేషనల్ లీడర్‌షిప్ మాస్టర్స్ వైపు చూస్తారు. ఎందుకని అడిగితే "ఎంబీఏలో ఫైనాన్స్, స్టాటిస్టిక్స్ ఉంటాయిగా" అంటారు. అంకెల భయంతో చేరే లీడర్‌షిప్ డిగ్రీ ఆ భయాన్ని అలాగే ఉంచుతుంది. రేపు బడ్జెట్ వాళ్ల టేబుల్ మీదకు వచ్చినప్పుడు అదే భయం ఎదురవుతుంది.

ఇక కాగితం విలువ సంగతి. ఇక్కడ చాలామంది మోసపోతున్నారు. డిగ్రీ వేరు, డిప్లొమా వేరు, సర్టిఫికెట్ వేరు. 2017లో చట్టం వచ్చి 2018లో అమలయ్యే దాకా ఐఐఎంలు కూడా డిప్లొమాలే ఇచ్చేవి, ఎంబీఏ డిగ్రీ కాదు. ప్రైవేటు కంపెనీలకు అది పట్టలేదు. కానీ ప్రమోషన్ నిబంధనల్లో "గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయ డిగ్రీ" అని రాసి ఉంటే, ఎంత పేరున్న సంస్థ సర్టిఫికెట్ పట్టుకెళ్లినా సెక్షన్లో ఫైలు ఆగుతుంది. పేరు మోసిన సంస్థల లీడర్‌షిప్ ప్రోగ్రాములు చాలావరకు సర్టిఫికెట్లే. గుర్తింపు ఉన్న దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని యూజీసీ 2022లో ప్రకటించింది. ఎడ్‌టెక్ కంపెనీలతో కలిసి కొన్ని విదేశీ సంస్థలు అమ్ముతున్న డిగ్రీలకు గుర్తింపు లేదని 2023 డిసెంబరులో హెచ్చరించింది కూడా. కట్టే ముందు యూజీసీ దూరవిద్యా బ్యూరో వెబ్‌సైటులో ఆ విశ్వవిద్యాలయం, ఆ కోర్సు, ఆ ఏడాది మూడూ ఉన్నాయో లేదో చూసుకోండి. బ్యాంకు ఉద్యోగులైతే ముందు జేఏఐఐబీ, సీఏఐఐబీ పూర్తి చెయ్యండి. ఖర్చు తక్కువ, ఇంక్రిమెంటు చేతికొస్తుంది, బ్యాంకు మేనేజ్‌మెంట్ పేపరు అందులోనే ఉంది.

పనిలో ఉన్నవాళ్లను మళ్లీ తరగతిలో కూర్చోబెట్టడం హైదరాబాద్‌కు కొత్త కాదు. బెల్లా విస్టాలోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ 1956లో ఏర్పడిందే ఆ పనికి. ఇప్పుడు అంబేడ్కర్ పేరుతో ఉన్న సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మొదలైంది. దేశంలో అలాంటిది అదే మొదటిది. ఉద్యోగం చేస్తూ చదువుకునేవాళ్ల తరం ఒకటి దాని చుట్టూ పెరిగింది.

నాకు ఎక్కువగా నచ్చిన మాట కెనడా ఆచార్యుడు హెన్రీ మింట్జ్‌బర్గ్‌ది. అనుభవం లేని కుర్రాళ్లకు ఎంబీఏ చెబితే మేనేజర్లు తయారు కారని 2004లో పుస్తకమే రాశాడు. అంతకు ముందే, 1996లో, పనిలో ఉన్న మేనేజర్ల కోసం వేరే కార్యక్రమం మొదలుపెట్టాడు. అందులో బెంగళూరు ఐఐఎంకూ భాగముంది. గుండ్రటి బల్లల చుట్టూ కూర్చుంటారు. తరగతి సమయంలో సగం విద్యార్థులు తమ పని గురించి మాట్లాడుకోవడానికే. అసలాయన పరిశోధన మొదలైంది ఐదుగురు పెద్ద అధికారుల పక్కన, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో వారం ఉండి, వాళ్లు చేసే ప్రతి పనినీ రాసుకోవడంతో. వాళ్ల పనుల్లో సగం తొమ్మిది నిమిషాలు కూడా నడవలేదని తేలింది.

ఈ ఏడాది చదువుదామని అనుకుంటున్నవాళ్లను నేను అడిగేది ఆ పనే. ఒక నోటుపుస్తకం తీసుకుని వారం రోజులు మీ పనులు మీరే రాసుకోండి. ఎక్కడ ఆగిపోయారో పక్కన గుర్తు పెట్టండి. అంకెల దగ్గర ఆగారా, మనుషుల దగ్గర ఆగారా? ఆ కాగితమూ, కోర్సు సిలబసూ పట్టుకుని స్టడీ సెంటర్‌కో, ఆ కోర్సు నడిపే విభాగానికో వెళ్లి, ఇందులో ఏ పేపరు నాకు పనికొస్తుందని అడగండి. చూపించగలిగితే చేరండి. చూపించలేకపోతే, ఆఖరి తేదీ దగ్గరపడిందని ఎవరు తొందరపెట్టినా సరే, ఫీజు కట్టకండి.