తెమడ పరీక్షకుని నేర్పు

కురుపాం కొండలలోని సవర, జాతాపు పల్లెలనుండి మూతబిగించిన డబ్బీలలో దిగివచ్చు తెమడను పరీక్షించువాని పనిని నేను మిక్కిలి గౌరవింతును. చీముగలిగిన పసుపుపచ్చని తునకనే ఏరి, గాజుపలకపై పలుచగా పూసి, ఎఱ్ఱని కార్బాల్ ఫుక్సిన్ పోసి, మరుగనీయక ఆవిరి లేచువఱకే క్రిందనుండి సెగ చూపి, ఆమ్లముతో కడిగి, మిథిలీన్ బ్లూ పోసి, నూనెచుక్క వేసి సూక్ష్మదర్శినికి కన్నానించు ఆ ఓర్పు సామాన్యమైనది కాదు.

1882లో కోఖ్ పండితుడు లోకమునకు చూపిన క్షయక్రిములు అచట నీలికణముల నడుమ ఎఱ్ఱని సన్నపుల్లలవలె కానవచ్చును. ఆ నీలికణములలో పెక్కు న్యూట్రోఫిల్లు, అనగా ఏ పూర్వపరిచయమును లేకయే శత్రువుపైకి దేహము పంపు సహజరక్షకులు. వానికి ముందే ఊపిరితిత్తుల గాలిగదులలోని మాక్రోఫేజులు క్రిమిని మ్రింగును. కాని తన్ను జీర్ణింపజేయు రసకోశము వచ్చి కలియకుండ అడ్డుపడి, మ్రింగిన కణమునందే అది బ్రతుకనేర్చినది. ఎంత ఘోరమైన నేర్పు! అయినను, క్రిమి సోకినవారిలో నూటికి తొంబదిమందికి జీవితమంతయు రోగము పొడసూపకుండుట, ఈ తొలిరక్షణయు దానివెంట మేల్కొను శిక్షితరక్షణయు కూడి సాధించు విజయమే.

ఆ పోరులో దేహమోడిన చోటును పరీక్షకుడు పలకపై గుర్తించును. క్రిమి కానరానప్పుడు నూఱు దృష్టిక్షేత్రములైనను వెదకక ‘లేదు’ అని వ్రాయడు.