పనికిరాని చెక్కకు ఆరు తీగలు

1862లో స్పెయిన్ దేశపు గిటార్ తయారీదారు ఆంతోనియో దె తోరెస్ ఒక విచిత్రమైన వాద్యం చేశాడు. పైపలకకు మంచి స్ప్రూస్ కలపే వాడాడు. వెనక భాగానికి, పక్కలకు మాత్రం అట్ట. కలప దొరక్క చేసిన పని కాదది. గిటార్ గొంతు పైపలకలోనే ఉందని, మిగతా పెట్టె దేనితో చేసినా వాద్యం పలుకుతుందని ఆయన నమ్మకం. వాదించి ఒప్పించే బదులు చేసి చూపించాడు. ఆ అట్ట గిటార్ బార్సిలోనాలోని సంగీత మ్యూజియంలో ఉంది.

ఆయన తర్కం తేలికగానే అర్థమవుతుంది. తీగను మీటితే పుట్టే చప్పుడు చాలా చిన్నది. ఆ కదలిక తీగలను మోసే బ్రిడ్జి గుండా పైపలకకు చేరి, పలక గాలిని ఊపినప్పుడే నాదం గదంతా నిండుతుంది. అందుకే పైపలకను మూడు మిల్లీమీటర్లకు అటూఇటూగా పలచగా చిత్రిక పడతారు. తీగల లాగుడుకు అది వంగిపోకుండా లోపలివైపు సన్నటి బద్దలు అతికిస్తారు. తోరెస్ వాటిని విసనకర్ర పుల్లల్లా పరిచాడు. క్లాసికల్ గిటార్లకు ఈనాటికీ ఎక్కువగా వాడేది ఆ అమరికే.

ఇంగ్లండులోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ఇదే విషయాన్ని మరోలా పరీక్షించారు. వెనక, పక్క పలకల కలప తప్ప మిగతాదంతా ఒకేలా ఉండేట్టు ఆరు గిటార్లు చేయించారు. ఒకదానికి అరుదైన బ్రెజిల్ రోజ్‌వుడ్, మిగిలినవాటిలో మహాగని, మేపుల్, వాల్‌నట్ వంటివి. ఏది ఏదో కనబడకుండా చేసి 52 మంది గిటారిస్టుల చేత వాయింపజేస్తే, ఖరీదైన కలపకూ చవకదానికీ వాళ్లు పెద్దగా తేడా పట్టలేకపోయారు.

ఈ రెండు పరీక్షల మధ్య గడిచిన నూట యాభై ఏళ్లలో అడవులు తరిగిపోయాయి. బ్రెజిల్ రోజ్‌వుడ్ అంతర్జాతీయ వ్యాపారానికి 1992లో, అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం అడ్డుకట్ట వేసింది. అంతకు చాలా ముందే, 1969 ప్రాంతంలో, అమెరికాలోని మార్టిన్ కంపెనీ దక్షిణ భారతపు రోజ్‌వుడ్‌కు మళ్లింది. మనం జిట్రేగి అని పిలిచే చెట్టే అది. 2017 జనవరి నుంచి ఆ ప్రజాతి చెట్లన్నీ సైటీస్ పట్టికల్లోకి ఎక్కాయి.

పాత సామానుతో గొప్ప గిటార్ వస్తుందా అన్న అనుమానానికి బ్రియాన్ మే వాద్యం జవాబు చెబుతుంది. తర్వాత ‘క్వీన్’ బృందంతో పేరు తెచ్చుకున్న ఆ కుర్రాడికి 1963లో మంచి ఎలక్ట్రిక్ గిటార్ కొనే స్తోమత లేదు. తండ్రి హెరాల్డ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు. ఇద్దరూ కలిసి ఇంట్లోనే మొదలుపెట్టారు. మెడకు, ఎవరో తీసిపారేస్తున్న పాత చలిమంట గూటి మహాగని చెక్క దొరికింది. దానికి పురుగు తొలిచిన రంధ్రాలుంటే అగ్గిపుల్లలు దూర్చి పూడ్చారు. ఒంటికి పాత బల్లలోని ఓక్ చెక్క. వేళ్లు నొక్కే ఫ్రెట్‌బోర్డు మీది చుక్కలు అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు. స్వరాన్ని ఊగించే ట్రెమొలోలో పాత మోటార్‌సైకిల్ ఇంజిన్ స్ప్రింగులు, దాని చేతికి సైకిల్ సంచి తగిలించే కమ్మీ, ఆ కమ్మీ కొసన అల్లిక సూది ముక్క. రెండేళ్లు పట్టిన ఆ పనికి ‘రెడ్ స్పెషల్’ అని పేరొచ్చింది. 2002లో బ్రిటన్ రాణి పాలన స్వర్ణోత్సవాల్లో బకింగ్‌హామ్ ప్యాలెస్ పైకప్పు మీద మే వాయించింది దాన్నే.

ఇందులో అదృష్టం ఎంతుందో తెలివీ అంతే ఉంది. స్టీలు తీగలన్నీ కలిసి మెడను పదుల కిలోల బలంతో లాగుతుంటాయి. పచ్చి చెక్కయితే ఆరేకొద్దీ మెలితిరిగి, ఫ్రెట్లనే మెట్ల మీద స్వరం తప్పుతుంది. తరాల తరబడి ఆరిన చెక్కలో ఇక ఆరడానికి తేమ మిగలదు. న్యూయార్క్‌లోని కార్మైన్ స్ట్రీట్‌లో రిక్ కెల్లీ నమ్ముకున్నదీ ఇదే. చెల్సీ హోటల్, మెక్‌సోర్లీస్ బారు వంటి పాత కట్టడాలకు మరమ్మతులు జరిగితే అక్కడి పైన్ దూలాలు, పలకలు తెచ్చి గిటార్లు చేస్తాడు. కాలంతో పాటు చెక్కలోని జిగురు గట్టిపడి నాదం విచ్చుకుంటుందని అతను చెబుతాడు. ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల కదలికను పట్టేది వాటి కిందున్న అయస్కాంతపు చుట్టలు కాబట్టి, ఆ మాటను కొంచెం తగ్గించి వినాలేమో. చెక్క నిలకడ విషయంలో మాత్రం అతనితో వాదం లేదు.

పాత ఇంటి దూలాలతో లక్షల గిటార్లు చేయలేం. అంత సంఖ్యకు కావలసింది అడవిలో జాగ్రత్త. ఫ్రెట్‌బోర్డుకు వాడే నల్ల ఎబొనీ, బీడీ ఆకులిచ్చే మన తునికి చెట్టుకు దాయాది. అమెరికా కంపెనీ టేలర్ 2011లో, ఒక స్పెయిన్ సంస్థతో కలిసి, కామెరూన్‌లో ఎబొనీ మిల్లు కొన్నది. అప్పుడు కంపెనీ సహ వ్యవస్థాపకుడు బాబ్ టేలర్‌కు అసలు సంగతి తెలిసింది. చెట్టు లోపల నల్లగా ఉందో, బూడిదరంగు చారలున్నాయో నరికితే గానీ తెలియదు. పదింటిలో ఒకటే పూర్తిగా నలుపు. మిగతా తొమ్మిదింటినీ కూల్చినచోటే కుళ్లిపోవడానికి వదిలేసేవారు! గట్టిదనంలో లోపం లేదు, కొనేవాడికి రంగు నచ్చదు, అంతే. చారల చెక్కనూ వాడతామని టేలర్ ప్రకటించాడు. తర్వాత కామెరూన్‌లోనే ఎబొనీ మొక్కలు నాటే పనికీ డబ్బు పెట్టాడు. ఇదే మనిషి 1995లో సరుకు రవాణాకు వాడే ఓక్ ప్యాలెట్ చెక్కతో ఒక గిటార్ చేసి, మేకుల రంధ్రాలను దాచకుండా అల్యూమినియం బిళ్లలతో ఇంకా కొట్టొచ్చేట్టు చూపించాడు.

పరాగ్వే రాజధాని పక్కన కాతెఉరా చెత్తకుప్ప దగ్గరి కథ వేరు. 2006లో పర్యావరణ సాంకేతికుడు ఫావియో చావెస్ అక్కడి పిల్లలకు సంగీతం చెప్పడం మొదలుపెడితే వాద్యాలు చాలలేదు. చెత్త ఏరుకునే వడ్రంగి నికొలాస్ గోమెజ్ డబ్బాలు, రేకులు, నూనె పీపాలతో గిటార్లు, వయొలిన్లు, చెల్లోలు చేసిచ్చాడు. రేకుకు స్ప్రూస్ వెచ్చదనం రాదు. ఆ గిటార్లను రెడ్ స్పెషల్ పక్కన నిలబెట్టి పొగడటం సానుభూతే తప్ప విమర్శ కాదు. అయితే ఆ పిల్లలకు మేలైన గిటార్‌కూ రేకు గిటార్‌కూ మధ్య ఎంపిక లేదు. ఉన్నది రేకు గిటార్, లేదా ఏమీ లేకపోవడం. వాటితోనే నేర్చుకుని ఆ పిల్లల బృందం దేశదేశాల్లో కచేరీలు చేసింది.

ఇక కొనేవారికి ఒక మాట. ‘పర్యావరణ హితం’ అనే ముద్ర చూసి మోసపోవద్దు, కలప ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. ఎబొనీ ఫ్రెట్‌బోర్డు మీద చారలుంటే పక్కన పెట్టకండి. కొత్తగా కలప ఖర్చు కాని గిటార్ ఇంకొకరు వాడి అమ్మేస్తున్నది. మెడ తిన్నగా ఉందా, ఫ్రెట్లు అరిగాయా, పైపలక బ్రిడ్జి దగ్గర ఉబ్బిందా చూసుకోండి. ఈ మూడూ సరిగ్గా ఉంటే, వెనక పలక ఏ చెట్టుదో అని బెంగపడక్కర్లేదు.