కుక్క దారిలో పడిపోయి ఉంటే?

మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు వెంట స్వర్గద్వారం దాకా నడిచిన కుక్క కథ మనందరికీ తెలిసిందే. తిక్కన తెనుగు చేసిన భారతంలోనూ, హరికథల్లోనూ, పిల్లలకు చెప్పే కథల్లోనూ అది విశ్వాసానికి గుర్తు. ఆశ్రయించినదాన్ని విడవనన్న రాజు గొప్పతనానికి సాక్ష్యం. చదువుకునే రోజుల్లో ఆ ఘట్టం చాలాసార్లు చదివాను. ఈ మధ్య మళ్లీ తీసినప్పుడు మాత్రం కథ అడగని ఒక ప్రశ్న నన్ను పట్టుకుంది. ఆ కుక్క దారిలో పడిపోయి ఉంటే ధర్మరాజు ఏం చేసి ఉండేవాడు?

హస్తినాపురం నుంచి బయల్దేరినవాళ్లు అయిదుగురు అన్నదమ్ములూ, ద్రౌపదీ. ఏడోది కుక్క. అందరికంటే ముందు పడిపోయింది ద్రౌపది. ధర్మరాజు వెనక్కి తిరిగి చూడలేదు. ఎందుకు పడిందని భీముడు అడిగితే, అర్జునుడి మీద ఆమెకు పక్షపాతం ఎక్కువని కారణం చెప్పి నడక సాగించాడు. చివర్లో ఇంద్రుడు అడగాల్సిందే అడుగుతాడు: భార్యనూ తమ్ముళ్లనూ వదిలి వచ్చినవాడివి, కుక్కను వదలడానికి ఏం? వాళ్లు చనిపోయారు, చనిపోయినవాళ్లను నేను బతికించలేను, బతికుండగా మాత్రం వాళ్లను వదల్లేదు అన్నది ధర్మరాజు జవాబు.

ఈ జవాబును ద్రౌపది వైపు నిలబడి ప్రశ్నించడం మనకు అలవాటే. కుక్క వైపు నుంచి కూడా ఒకసారి చూద్దాం. ఆ కుక్కకు ముసలితనం లేదు. కొండలు దాటినా దాని వెనక కాళ్లు చచ్చుబడలేదు. కళ్లకు పొర కమ్మలేదు. పడుకున్నచోటే మూత్రం పోయలేదు. ఆఖరికి అది కుక్కే కాదు, సాక్షాత్తూ ధర్మదేవత. ఎత్తి మోయాల్సిన అవసరం, కడిగి తుడవాల్సిన అవసరం ఎవరికీ కలిగించని జీవిని విడవననడం ఎంత కష్టం? మన పురాణం విశ్వాసాన్ని పరీక్షించింది. సాకడాన్ని పరీక్షించలేదు. పరీక్షించి ఉంటే ఆ పరీక్షకు కూర్చోవలసింది రాజు కాదు, ఇంట్లో ఆడమనిషి.

ముసలిదైపోయిన ఇంటి కుక్కకు ఎప్పుడు వీడ్కోలు చెప్పాలి, ఆ మాట ఎవరు చెప్పాలి? ఇది ఇంటి విషయమనీ, సాహిత్య విమర్శకు సంబంధం లేదనీ అనిపించవచ్చు. కానీ ఈ నిర్ణయం చుట్టూ ఉన్న భాషను పరిశీలిస్తే ఇది పూర్తిగా మన విషయమేనని తెలుస్తుంది. తెలుగులో దీనికి సరైన మాటే లేదు. కారుణ్య మరణం అన్నది పత్రికల మాట. మా కోసిగిలో ‘సూది ఏపిచ్చినారు’ అంటారు. లేకపోతే ‘ఊరి బయట ఇడ్సొచ్చినారు’ అంటారు. మొదటి మాటలో చేసేది ఎప్పుడూ వేరేవాళ్లే, మనం చేయించేవాళ్లం. రెండో మాటలో విడవడం ఉంది. విడిపించడం అనే మాట కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది. ఒకటి పారేయడం, ఇంకొకటి బాధ నుంచి తప్పించడం. ఈ రెంటికీ మధ్య ఉన్న సన్నని గీత దగ్గరే నా ఆలోచనంతా.

మా ప్రాంతం కుక్కను తిట్టుగా మాత్రమే ఎరిగినది కాదు. దేవరగట్టు మాల మల్లన్న కొలువైన సీమ మాది. సరిహద్దుకు అటూ ఇటూ మైలారుణ్ణి కొలిచే గొరవయ్యలు దేవుడి ముందు తామే కుక్కలై మొరుగుతారు. కురుబల ఇళ్లలో మందకాపు కుక్క ఇంటి మనిషితో సమానం. అయినా ముసలి కుక్కకు మాత్రం ఏ ఆచారంలోనూ చోటు కనబడదు. కాపలా కాసినన్నాళ్లే దానికి పేరు.

కోసిగిలో ఈ ప్రశ్నకు ఒక కాలం కూడా ఉంది. అది సుగ్గి కాలం. ఖరీఫ్ పంట వచ్చినా రాకపోయినా, చలికాలంలో మా మండలం నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరపకోతలకూ, తెలంగాణకు పత్తి తీయడానికీ, బెంగుళూరుకు కట్టుబడి పనులకూ పోతాయి. వీధుల్లో వరసగా తాళాలు పడతాయి. వెనక మిగిలేది ముసలివాళ్లు, కొందరు పిల్లలు, తాళం ముందు పడుకున్న కుక్కలు. కూడు కోసం పోయేవాళ్లను నేను తప్పు పట్టడం లేదు. వానా, పనీ లేని నేల వాళ్ల చేత తాళం వేయిస్తుంది. కానీ ఆ రోజుల్లో వీధిలో ఒక వాక్యం పదే పదే వినబడుతుంది: ‘దాన్ని చూసేటోళ్లు లేరు.’ ఈ వాక్యం కుక్క గురించి ఎంత తేలిగ్గా అంటారో, మంచం పట్టిన అవ్వ గురించీ అంతే తేలిగ్గా అంటారు.

మా ఇంట్లో కరియ అనే కుక్క ఉండేది. పదిహేనేళ్లు బతికింది. చివరి ఏడాది దాని వెనక కాళ్లు నిలవలేదు. గోనెసంచి కింద వేసి, రెండు వైపులా పట్టి, అమ్మ దాన్ని రోజుకు నాలుగుసార్లు వేపచెట్టు కిందికి నడిపించేది. పుండ్లు పడకుండా పక్క మార్చేది. రాగిసంకటి పలచగా కలిపి చేత్తో తినిపించేది. బెంగుళూరు నుంచి అన్న ఫోనులో ‘సూది ఏపిస్తే పోతాదిలేమ్మా, నువ్వెందుకు అవస్త పడేది’ అన్నాడు. ఎదురింటి మామ ‘పాపం మూటగట్టుకోవద్దు, దాని కర్మ అది తీర్చుకోనీ’ అన్నాడు. ఒకరిది దయ, ఇంకొకరిది ధర్మం. ఇద్దరూ గోనెసంచి అంచు పట్టుకున్నవాళ్లు కాదు. అమ్మ ఇద్దరికీ ఒకటే చెప్పింది: ‘అది నీళ్లకు మొగం తిప్పుకునే దినం నాకు తెలుస్తాది. అంతవరకు ఎవురూ మాట్లాడొద్దండి.’

సరిగ్గా ఈ రెండు గొంతుకల మధ్యే 1928లో గాంధీ ఇరుక్కున్నాడు. సబర్మతి ఆశ్రమంలో కోలుకునే ఆశ లేని ఒక దూడ బాధపడుతుంటే డాక్టరును పిలిపించి సూది మందుతో దాని ప్రాణం తీయించాడు. దేశమంతా గగ్గోలు పుట్టింది. అంతకు రెండేళ్ల ముందు, 1926లో, అంబాలాల్ సారాభాయ్ అహమ్మదాబాదులో 60 వీధికుక్కలను చంపించినప్పుడు సమర్థించినందుకు కూడా ఆయన మీద ఉత్తరాల వర్షం కురిసింది. దూడ వివాదంలో ఆయన కొన్ని షరతులు రాశాడు. జబ్బు నయం కానిదై ఉండాలి. సంబంధించినవాళ్లందరూ ఆశ వదులుకుని ఉండాలి. ఏ సహాయమూ సేవా పనికిరాని స్థితి అయి ఉండాలి. బాధపడుతున్న ప్రాణి తన కోరిక చెప్పుకోలేనిదై ఉండాలి.

విమర్శకురాలిగా ఈ షరతుల్లో మూడోది నన్ను ఆపుతుంది. సేవ పనికిరాని స్థితి అని ఎవరు తేల్చాలి? సేవ చేసినవాళ్లే తేల్చగలరు. కానీ ఆ చర్చలో వినిపించే గొంతులు ఆశ్రమ నిర్వాహకులవీ, ఉత్తరాలు రాసిన పెద్దమనుషులవీ. ఈగలు తోలిన చేయి ఎవరిదో కనబడదు. సేవ పనికిరాకపోవడం వేరు, సేవ చేసేవాళ్లు లేకపోవడం వేరు. మా వీధి వాక్యం రెండోదాన్ని మొదటిదిగా చలామణీ చేస్తుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది.

చట్టమూ ఈ చేతిని చూడదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 13వ సెక్షన్, బాధపడుతున్న జంతువు ప్రాణం తీయడం గురించి మాట్లాడుతుంది. అందులో కోర్టు ఉంది, కానిస్టేబుల్ కంటే పైస్థాయి పోలీసు అధికారి ఉన్నాడు, పశువైద్యాధికారి ఉన్నాడు, యజమాని ఉన్నాడు. సాకిన మనిషి లేదు. మన ఇళ్లలో యజమానీ, సాకిన మనిషీ ఒకరే కావడం ఎంత అరుదో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు.

ఆశ్చర్యంగా, సాకిన చేతికి నిర్ణయంలో చోటిచ్చిన తీర్పు ఒక స్త్రీ శరీరం గురించి వచ్చింది. ముంబై కెఇఎం ఆసుపత్రి నర్సు అరుణా షాన్‌బాగ్ మీద 1973లో అదే ఆసుపత్రి వార్డుబాయ్ కుక్క గొలుసుతో దాడి చేసి, అత్యాచారం చేశాడు. ఆమె 2015లో చనిపోయేదాకా, 42 ఏళ్లపాటు, అక్కడే స్పృహ లేని స్థితిలో ఉంది. ఆమెకు మరణాన్ని అనుమతించమని రచయిత్రి పింకీ విరానీ వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2011లో తోసిపుచ్చింది. ఆమె తరఫున మాట్లాడే హక్కు ఏళ్ల తరబడి కడిగి, తినిపించి, ఒక్క పుండు పడకుండా చూసుకున్న ఆసుపత్రి సిబ్బందిదే అన్నది. ఆ తీర్పు ఫలితంతో మనం ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. కానీ సంరక్షణ ఒక జ్ఞానమనీ, ఆ జ్ఞానానికి అధికారం ఉండాలనీ అది గుర్తించింది. 1982లో కరోల్ గిల్లిగన్ స్త్రీల నైతిక ఆలోచన గురించి రాసినప్పుడు, నియమాల కంటే సంబంధాల నుంచి పుట్టే నిర్ణయాన్ని తక్కువ స్థాయిదిగా చూడవద్దన్నది. మన చర్చ కూడా అక్కడి నుంచే మొదలు కావాలి.

ఈ జ్ఞానానికి ఒక రాతప్రతి కూడా ఉంది. అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ 2004లో జబ్బు పెంపుడు జంతువుల జీవన నాణ్యతను కొలవడానికి ఒక కొలబద్ద తయారుచేసింది. నొప్పి, ఆకలి, నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువగా ఉండటం. ఏడు అంశాలు, ఒక్కోదానికి 10 మార్కులు. మొత్తం 35 దాటితే సాకడం కొనసాగించవచ్చని లెక్క. 2011 జనాభా లెక్కల నాటికి కూడా ఆడవాళ్ల చదువులో బాగా వెనకబడిన మండలం మాది. మా అమ్మకు సంతకం వరకే వచ్చు. అయినా నీళ్లకు మొగం తిప్పుకోవడం, పేరు పిలిస్తే తోక కొట్టడం, రాత్రి మూలుగు, అని ఆమె వేళ్ల మీద లెక్కపెట్టినవి దాదాపు ఇవే.

ఆ కొలబద్దను సాహిత్య పాఠంలా చదివితే ఇంకొకటి బయటపడుతుంది. అది కుక్కను కొలుస్తున్నట్టు కనబడుతుంది గానీ, నీరు, శుభ్రత, కదలిక అన్న అంశాల్లో కొలిచేది సాకేవాళ్ల చాకిరీని. గోనెసంచి పట్టేవాళ్లు ఉంటే కదలికకు మార్కులు పడతాయి. లేకపోతే సున్నా. కాబట్టి మార్కులు తగ్గినప్పుడల్లా ఒక ప్రశ్న వేసుకోవాలి: కుక్క ఓడిపోయిందా, అమ్మ ఒంటరిదైపోయిందా?

నవలల్లో కూడా ఈ చేయి వెనకే ఉండిపోయింది. కూట్సీ ‘డిస్‌గ్రేస్’ 1999లో వచ్చింది. అందులో ఎవరికీ అక్కర్లేని కుక్కలకు ఆఖరి సూది వేసేది బెవ్ షా. పట్టా లేని వైద్యురాలు. కథ చెప్పే చూపు ఆమె రూపాన్ని చిన్నబుచ్చుతుంది. పని ఆమె చేస్తుంది, ఆ పని వల్ల వచ్చే ఆత్మశుద్ధి మాత్రం ప్రొఫెసర్ లూరీకి దక్కుతుంది. చివర్లో అతడు వదులుకునే కుంటి కుక్క చావాల్సినంత జబ్బుపడినది కాదు. దానికి కూడా చూసేవాళ్లు లేరు, అంతే. ఆ నవల గొప్పదే. కానీ విడవడాన్ని విడిపించడంగా చూపించే చోట మనం జాగ్రత్తగా చదవాలి. దానికి ఎదురుగా వర్జీనియా వూల్ఫ్ 1933లో రాసిన ‘ఫ్లష్’ పెడతాను. దొంగలు ఎత్తుకుపోయిన కుక్క కోసం డబ్బు కట్టొద్దని తండ్రీ, కాబోయే భర్తా అందరూ చెబుతుంటే, గది దాటని రోగి ఎలిజబెత్ బారెట్ తానే లండన్ మురికివాడకు వెళ్తుంది. దాన్ని విడవకూడదని అనుకున్నది ఆమె, తీసుకొచ్చుకున్నదీ ఆమే. ఫ్లష్ ముసలిదై ఆమె దగ్గరే కన్నుమూస్తుంది.

కరియ రెండు రోజులు నీళ్లకు మొగం తిప్పుకుంది. మూడో రోజు పొద్దున్నే అమ్మ పశువుల డాక్టరును పిలవమంది. ముందు మత్తు సూది, అది నిద్రపోయాక రెండోది. తల అమ్మ ఒళ్లోనే ఉంది. గుంటలో ఉప్పు పోసి వేపచెట్టు పక్కనే పూడ్చాం. సాయంత్రం అమ్మ అడిగింది: ‘రేపు నేను మంచంల పడితే, నాకూ ఇట్లే లెక్కపెడతారా?’

ఆ ప్రశ్నను బాధలో అన్న మాటగా తీసుకోలేకపోయాను. అది ఈ విషయంలో నేను విన్న గట్టి విమర్శ. గాంధీ నాలుగో షరతును ఆమె తిరగేసింది. కుక్క చెప్పలేదు. ముసలి ఆడమనిషి చెప్పగలదు, కానీ వినేవాళ్లు ఉండాలి కదా. చెప్పలేకపోవడాన్నీ, చెప్పినా వినకపోవడాన్నీ ఒకే గాట కట్టే ఇళ్లలో కారుణ్యం అనే మాట చాలా త్వరగా మనుషుల మీదికి జారుతుంది. ‘నువ్వు చెప్పేది నీ నోటితోనే వింటామ్మా, లెక్క నువ్వే పెట్టు’ అన్నాను.

కాబట్టి నేను కోరేది రెండే. మొదటిది, సాకినవాళ్ల మాట చివరి మాట కావాలి. అన్న ఫోనులో చూపే దయా, మామ గట్టు మీద చెప్పే ధర్మమూ ఆ మాట తర్వాతే రావాలి. రెండోది, ఆ మాట చెప్పేరోజు దాకా ఆ చాకిరీ ఒక్కదాని మీదే పడకూడదు. గోనెసంచికి రెండు అంచులుంటాయి. అలసిపోయిన చేత్తో తీసుకునే నిర్ణయాన్ని స్వేచ్ఛగా తీసుకున్న నిర్ణయం అనలేం. చూసేవాళ్లు లేరన్న మాట కుక్క గురించి అనుకున్నప్పుడు, చూసేవాళ్లు ఎందుకు లేరని కూడా అదే పూట అడగాలి.

ధర్మరాజు కుక్క దారిలో పడిపోయి ఉంటే దాన్ని ఎత్తుకునేది ఎవరో నాకు తెలుసు. ఆమె అప్పటికే దారిలో పడిపోయి ఉంది, ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.